నాన్న ఖాతాలో నెలనెలా 27.14 కోత, ఏటీఎం చార్జీ పడకుండా క్యాష్ తీసుకునేదెట్టా?

నిమ్మతోట_పొదలకూరు:

అందరికీ నమస్తే. మాది పొదలకూరు పక్కన పల్లె, నాన్నకి నిమ్మతోట ఉండాది, నేను బెంగుళూరులో జాబ్. మొన్న పండక్కి ఇంటికి పోయినప్పుడు పాస్‌బుక్ ప్రింట్ వేయించుకొచ్చి చూస్తే కాయల డబ్బులు పడిన లైన్ల మధ్యలో 27.14, దాని కింద మళ్లా 27.14, ఇంకో నాలుగు లైన్ల కింద 23.60, ఇట్టా ప్రతి నెలా ఉండాయి. ఇదేంది నాన్నా అంటే "మిషన్ వాడికి ఏదో ఇయ్యాలంట లేరా, అందరికీ కట్ అవతానే ఉండాది" అని గమ్మున తువ్వాలు భుజానేసుకొని తోటకాడికి పోయినాడు.

ఆయన ఖాతా ఉన్న బ్యాంకు నెల్లూరులో ఉంది, ఎప్పుడో క్రాప్ లోన్ కోసం ఆడ తెరిచినాడు. పొదలకూరులో ఉండే ఏటీఎంలన్నీ వేరే బ్యాంకులవి. శనివారం వస్తే కోత కూలీలకి చేతికి డబ్బు ఇయ్యాల, అందుకని వారం వారం ఏటీఎంకి పోతాడు. పోయినోడు ఒకేసారి తీసుకోడు, ముందు బ్యాలెన్స్ నొక్కి స్లిప్ తీసుకుంటాడు, మండీ ఆయన డబ్బులేసినాడా లేదా చూసుకోడానికి, తర్వాత ఒక రెండు వేలు తీస్తాడు, బయటికొచ్చి లెక్కపెట్టుకొని మళ్లా లోపలికి పోయి ఇంకో రెండు వేలు. జేబులో ఎక్కువ ఉంటే భయమంట.

మా ఊర్లో కొంతమందేమో కరోనా అప్పటినుంచి ఏ ఏటీఎం అయినా ఫ్రీనే, మీ బ్యాంకోడే మోసం చేస్తండాడు అంటారు. అసలు ఎన్ని తూర్లు ఫ్రీ, ఈ 23.60 ఏంది, నెల్లూరు దాకా బస్సెక్కకుండా దీన్ని తప్పించుకునే దారి ఏమన్నా ఉందా? తెలిసినోళ్లు చెప్పండి. డబ్బు చిన్నదే గానీ ఏడాదికి లెక్కేస్తే ఒక బస్తా ఎరువు డబ్బులు పోతండాయి, నాకు కాలతా ఉంది.

పాత_క్యాషియర్_నెల్లూరు:

అబ్బయ్యా, నేను బ్యాంకులో కౌంటర్లో కూర్చొని రిటైర్ అయినోడిని, మీ నాన్న మాదిరి రైతులు రోజూ వచ్చి ఇదే అడిగేవాళ్లు. బ్యాంకు మోసమేం లేదు ఇందులో, కానీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అదే బాధ.

సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకి 5 ఫ్రీ. పరాయి బ్యాంకు మిషన్లో అయితే మెట్రో సిటీల్లో 3, మిగతా ఊర్లలో 5. పొదలకూరు, నెల్లూరు, ఒంగోలు ఇవన్నీ 5 లెక్కలోకే వస్తాయి. అవి దాటినాక ఒక్కోదానికి గరిష్ఠంగా 23 రూపాయలు తీసుకోవచ్చని ఆర్‌బీఐ చెప్పింది, 2025 మే 1 నుంచి ఇది, అంతకుముందు 21 ఉండేది. 23 మీద 18 శాతం జీఎస్టీ 4.14, రెండూ కలిపితే నీ 27.14 వచ్చేసింది చూడు.

ఇప్పుడు అసలు సంగతి. పరాయి మిషన్లో బ్యాలెన్స్ చూసినా, మినీ స్టేట్‌మెంట్ తీసినా అది కూడా ఆ 5లో ఒకటి కిందే లెక్క. డబ్బు తీస్తేనే లెక్క అనుకుంటారు జనం. మీ నాన్న శనివారం పోయి ఒక బ్యాలెన్స్, రెండు విత్‌డ్రాయల్ చేస్తే ఒక్క పూటలో మూడు అయిపోయినాయి, రెండో శనివారం సగంలోనే కోటా ఖాళీ, ఇంక ఆ నెలంతా డబ్బు తీసినప్పుడల్లా 27.14. ఆ బ్యాలెన్స్ స్లిప్పే మీ కొంప ముంచుతోంది.

సొంత బ్యాంకు మిషన్లో అయితే బ్యాలెన్స్ చూడ్డం, చెక్‌బుక్ అడగడం లాంటివి ఫ్రీ కోటాలో కలపకూడదని 2019 ఆగస్టులోనే ఆర్‌బీఐ రాసిచ్చింది. ఆ సదుపాయం పరాయి మిషన్లో లేదు. ఎందుకంటే పరాయి మిషన్లో కార్డు పెట్టిన ప్రతిసారీ మన బ్యాంకు ఆ మిషన్ పెట్టిన బ్యాంకుకి డబ్బు కట్టాలి, క్యాష్‌కి 19 రూపాయలు, ఊరికే బ్యాలెన్స్ చూసినా 7 రూపాయలు. మనకి ఫ్రీ అన్న ఐదింటికీ మన బ్యాంకు జేబులోంచే పోతోంది. అందుకే ఐదు దాటగానే మన మీద పడతారు.

23.60 అంటే 20 రూపాయలు ప్లస్ జీఎస్టీ. ఖాతాలో అంత డబ్బు లేకుండా ఎక్కువ కొట్టుంటాడు, మిషన్ రిజెక్ట్ చేసుంటుంది, దానికి పెనాల్టీ అది. మండీ ఆయన డబ్బులేస్తానని వేయకపోయిన రోజు చూసుకో, ఆ తేదీతో సరిపోతుంది.

కరోనా మాట నిజమే గానీ అది 2020 మార్చి నెలాఖరులో మూడు నెలలకి మాత్రమే ఇచ్చిన వెసులుబాటు, జూన్ 30తో అయిపోయింది. ఊర్లలో ఇంకా అదే మాట తిరుగుతా ఉంది.

చేయాల్సిందేందంటే, బ్యాలెన్స్‌కి కార్డు ముట్టుకోవద్దు. ప్రతి బ్యాంకుకీ మిస్డ్ కాల్ నంబరు ఉంటుంది, రిజిస్టర్ అయిన ఫోన్ నుంచి కొడితే మెసేజ్ వస్తుంది, బటన్ ఫోన్‌కైనా వస్తుంది. రెండు వేలు రెండు వేలు కాకుండా వారానికి కావాల్సింది ఒకేసారి తీయమను, అప్పుడు నెలకి నాలుగు శనివారాలు, ఐదు వచ్చినా ఐదే, ఫ్రీలోనే సరిపోతాయి. ఒక్కటి గుర్తుపెట్టుకో, చాలా మిషన్లు పరాయి బ్యాంకు కార్డుకి ఒక తూరికి 10,000 మించి ఇవ్వవు, ఇరవై వేలు కావాలంటే రెండు లెక్క.

గెలాక్సీ_చీమకుర్తి:

సారు చెప్పింది కరెక్టే గానీ ఈ రోజుల్లో ఏటీఎం దాకా పోవడం ఎందుకు బ్రో, పల్లెలో బ్యాంక్ మిత్ర ఉంటాడు గదా, ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే డబ్బు చేతిలో పెడతాడు, ఒక్కో తూరికి 10,000 దాకా ఇస్తాడు. కార్డే అక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ కూడా ఇట్టానే వేలిముద్ర వేయించుకొని ఇస్తాడు, మా అమ్మ అట్టానే తీసుకుంటది.

కాకపోతే మాకాడ ఒక తంటా ఉంది. క్వారీలో పనిచేసే వాళ్లకి, రాయి పాలిష్ పట్టే వాళ్లకి వేలిముద్రలు అరిగిపోయుంటాయి. మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు వెలగతానే ఉంటది, బొటనవేలు అయ్యాక చూపుడువేలు, అది అయ్యాక ఇంకోటి, వేలు తుడుచుకొని, నోటితో ఊది, మళ్లా పెట్టి, వెనకాల లైను పెరిగిపోద్ది. నిమ్మకాయలు కోసేవాళ్లకి ముళ్లు గీసుకొని ఎట్టుంటదో మీకే తెలుసు. ఒక్క విషయం జాగ్రత్త, "పడలేదు, మళ్లా పెట్టు" అంటే పెట్టేముందు మెసేజ్ వచ్చిందా చూసుకోవాల. ముందుది పడిపోయుండి రెండోసారి కూడా కట్ అయితే మళ్లా తిరగలేం. స్లిప్ అడిగి తీసుకోవాల, కొంతమంది స్లిప్ ఇవ్వకుండా పైన పదో ఇరవయ్యో అడగతారు, గట్టిగా అడిగితే ఇస్తారు.

కావలి_పద్మ:

గెలాక్సీ తమ్ముడూ, పైన పది ఇరవై అంటే ఏటీఎం చార్జీకి దీనికి తేడా ఏముంది? 😀

మా వీధిలో ఫోన్ షాపాయన ఉన్నాడు, ఫోన్‌పే కొడితే క్యాష్ ఇస్తాడు, వెయ్యికి 10 రూపాయలు. అందరూ అది చవక అనుకొని పోతారు. నేనొకసారి కూర్చొని లెక్కేశా, రెండు వేలకి 20 అవుతుంది, ఏటీఎం 27.14 కంటే తక్కువే. మూడు వేలకి 30, అప్పుడే దాటిపోయింది. పది వేలు తీస్తే షాపాయనకి వంద, ఏటీఎంకి అదే 27.14. అంటే రెండు వేల ఏడొందల లోపు అయితే షాపు, పైన అయితే కోటా అయిపోయినా సరే ఏటీఎమ్మే నయం. మా ఆడబిడ్డకి ఇది చెప్తే నమ్మలా, కాయితం మీద వేసి చూపిస్తే అప్పుడు నోరు మూసింది.

ఇంకోటి, స్వైపింగ్ మిషన్ ఉన్న కొన్ని దుకాణాల్లో డెబిట్ కార్డు గీకి క్యాష్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, ఆర్‌బీఐ ఒప్పుకున్నదే, దానికి చార్జీ 1 శాతం దాటకూడదు. ఆ లెక్కన అదీ వెయ్యికి పదే. కానీ క్రెడిట్ కార్డుతో మాత్రం ఎక్కడా క్యాష్ తీయొద్దు తల్లీ, చాలా కార్డులకి రెండున్నర శాతం దాకా ఫీజు, అదీ ఇంత తక్కువ కాకుండా అని కనీసం ఒకటి పెడతారు, పైగా ఆ రోజు నుంచే వడ్డీ. సామాన్లకి ఇచ్చే గడువు క్యాష్‌కి ఉండదు.

క్యాషియర్ గారూ మీకొక ప్రశ్న. రొట్టెల పండగ టైములో నెల్లూరొచ్చాం, దర్గా దగ్గర మిషన్ల కాడ ఇంతింత లైన్లు, లోపలికి పోతే నో క్యాష్, ఇంకో దాంట్లో పోతే సర్వర్ డౌన్. అవి కూడా ఐదులో కలుపుతారా? ఇంకో తూరి అయితే డబ్బులు రాలేదు గానీ మెసేజ్ మాత్రం టింగుమని వచ్చింది, గుండె ఆగినంత పనైంది.

పాత_క్యాషియర్_నెల్లూరు:

కలపరమ్మా. మిషన్లో డబ్బు లేక, లైను కట్టయి, మిషన్ చెడిపోయి ఫెయిల్ అయితే అది లెక్కలోకి తీసుకోకూడదు, దానికి చార్జీ వేయకూడదు. పిన్ తప్పు కొట్టినా అంతే. ఖాతాలో డబ్బు చాలక రిజెక్ట్ అయిందే వేరు, అది మన తప్పు కింద పెనాల్టీ వేస్తారు.

డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే ఆ రోజు పోను 5 రోజుల్లోపు బ్యాంకు తనంతట తానే వెనక్కి వేయాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున నష్టపరిహారం కూడా వేయాలి, మనం అడగకపోయినా వేయాలి. 2019 సెప్టెంబరు ఆర్డరు ఇది. కౌంటర్లో కుర్రాళ్లు "వచ్చేస్తుంది లెండి" అని పంపించేస్తారు, మీరు మాత్రం మిషన్ నంబరున్న స్లిప్ దాచుకొని రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద కంప్లయింట్లు వినే అధికారికి పోవచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎట్టా పెట్టాలో చెప్తారు, ఫీజు ఏం ఉండదు.

ఆ షాపు లెక్క బాగా తీశావమ్మా, ఇన్నేళ్లు కౌంటర్లో కూర్చున్నా నేనట్టా ఆలోచించలేదు.

తడ_బోర్డర్:

పైన సారు మెట్రో 3 అన్నారు గదా, దాని గురించి నెల్లూరోళ్లందరికీ ఒక మాట. మనోళ్లు ఏ జబ్బు చేసినా మద్రాసు బండెక్కేస్తారు, ఆస్పత్రి చుట్టూ నాలుగు రోజులుంటారు, ఆటోకి, టిఫినుకి, రూముకి అని రోజూ ఆడ ఏటీఎంలో తీస్తారు. చెన్నైలో పరాయి మిషన్ అయితే 3 మాత్రమే ఫ్రీ. ఖాతా నెల్లూరుది గదా మాకు 5 ఉంటాయి అంటే కుదరదు, మిషన్ యాడుంటే ఆ ఊరి లెక్క. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు, ఈ ఆరే మెట్రోలు. విజయవాడ, తిరుపతి, గుంటూరు ఇందులో లేవు, ఎంత పెద్ద ఊరైనా.

నేను రోజూ తడ నుంచి చెన్నై వైపు పనికి పోయేవాడిని, మావోళ్లెవరు ఆస్పత్రికి పోతండామన్నా సూళ్లూరుపేటలోనో తడలోనో దిగి కావాల్సినంత తీసుకొని పోండి అని చెప్తా. ఆస్పత్రి బిల్లు ఎట్టాగూ కార్డో ఫోనో తీసుకుంటారు, చేతిఖర్చుకే గదా క్యాష్.

నిమ్మతోట అన్నా, నువ్వుండేది బెంగుళూరు గదా, ఇది నీకూ పడతది. నీ కార్డు కూడా చూసుకో 😄

నిమ్మతోట_పొదలకూరు:

వామ్మో ఇంత ఉందా ఇందులో. క్యాషియర్ గారూ, ఆ 23.60 తేదీలు చూశా, మీరు చెప్పినట్టే మండీ డబ్బు ఆలస్యంగా పడిన రోజే ఉంది. నాన్నకి ఫోన్ చేసి బ్యాలెన్స్ నొక్కొద్దు అంటే "మరి కాయల డబ్బు పడిందో లేదో నాకెట్టా తెలియాల" అన్నాడు. మెసేజ్ రాదా అంటే రాదంట. తీరా చూస్తే బ్యాంకులో ఉన్న నంబరు ఆయన ఎప్పుడో పోగొట్టుకున్న సిమ్ది, అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో కూడా తెలియదు. ఆయనకి స్మార్ట్‌ఫోన్ ఉంది గానీ యూట్యూబ్‌కి తప్ప దేనికీ వాడడు, యూపీఐ అంటే దండం పెడతాడు. కూలీలకి ఫోన్‌పే కొట్టమంటే ఆడోళ్లు ఒప్పుకోరంట, ఫోన్ ఇంటాయన దగ్గరుంటది, డబ్బు ఆయన చేతికి పోతది, మాకు చేతికే ఇయ్యి అంటారంట. అది నిజమే గదా, దానికి నేనేం మాట్లాడలేకపోయా.

ఏటీఎంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కార్డు లేకుండా తీసేది ఉంది గదా, అది వాడితే చార్జీ తప్పుతుందా?

గెలాక్సీ_చీమకుర్తి:

తప్పదు బ్రో, అదీ కార్డు లెక్కలోనే కలుస్తది, ఐదులో ఒకటే. కార్డు మర్చిపోయినప్పుడు పనికొస్తది, పిన్ ఎవరన్నా చూస్తారనే భయం ఉండదు, అంతవరకే. రోడ్డు పక్క కొట్లకాడ ఏ బ్యాంకు పేరూ లేకుండా వేరే కంపెనీల పేర్లతో ఉండే ఏటీఎంలు ఉంటాయి చూడు, అవి కూడా అందరికీ పరాయి బ్యాంకు మిషన్ కిందే లెక్క, కొంతమంది వాటికి చార్జీ లేదనుకుంటారు.

పాత_క్యాషియర్_నెల్లూరు:

అబ్బయ్యా, ఆ పోయిన సిమ్ విషయం వింటే నాకు చార్జీల కంటే అదే భయమేస్తా ఉంది. వాడకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్లకి కంపెనీ వేరే వాళ్లకి ఇచ్చేస్తుంది, మీ నాన్న ఖాతా మెసేజ్‌లు, ఓటీపీలు అన్నీ ఆ మనిషికి పోతాయి. 27 రూపాయల సంగతి తర్వాత, ముందు నంబరు మార్పించు. నంబరు మారితే మిస్డ్ కాల్ బ్యాలెన్స్ పనిచేస్తుంది, మండీ డబ్బు పడగానే మెసేజ్ వస్తుంది, ఇంక ఏటీఎంలో బ్యాలెన్స్ నొక్కాల్సిన పని ఉండదు. ఒక్క దెబ్బకి మూడు తీరిపోతాయి.

తర్వాత, పొదలకూరులోనే ఉన్న ఏదన్నా బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిపించు, మండీ ఆయనకి ఆ నంబరు ఇయ్యి. క్రాప్ లోన్ ఖాతా నెల్లూరులోనే ఉండనీ, దాని జోలికి పోవద్దు. లోకల్ ఖాతా ఉంటే సొంత ఏటీఎం 5, పరాయివి 5, అవసరమైతే కౌంటర్లో ఫారం రాసి తీసుకోవచ్చు. మినిమమ్ బ్యాలెన్స్ భయం ఉంటే, చాలా ప్రభుత్వ బ్యాంకులు 2025లో ఆ పెనాల్టీ ఎత్తేశాయి, తెరిచే ముందు ఒక మాట అడుగు. కాకపోతే రెండు కార్డులంటే ఏడాదికొకసారి రెండింటికీ కార్డు చార్జీ పడుతుంది, మళ్లీ పాస్‌బుక్ చూసి నాకు తిట్లు పెట్టొద్దు. నెల్లూరు ఖాతాకి కార్డు అవసరం లేదనుకుంటే బ్లాక్ చేయించి వెనక్కిచ్చేయండి.

జన్‌ధన్ లాంటి బేసిక్ ఖాతా మాత్రం ఆయన వాడకానికి చాలదు, దానికి ఫ్రీ విత్‌డ్రాయల్స్ నెలకి కనీసం 4 అని నియమం, చాలా బ్యాంకులు ఆ నాలుగే ఇచ్చాయి, కౌంటర్లో తీసినా అందులోకే.

కావలి_పద్మ:

ఇంకో సంగతి నిమ్మతోట తమ్ముడూ, కూలీల డబ్బు అంటే చిల్లర కావాలిగా, మిషన్లన్నీ ఐదొందలు ఇస్తాయి, మీ నాన్న రెండు వేలు రెండు వేలు తీసేది కూడా దాని కోసమేనేమో అడిగి చూడు. మా నాన్న అట్టానే చేసేవాడు, 1900 కొట్టి వందలు రాబట్టేవాడు. ఏటీఎంలలో వందలు, రెండొందలు కూడా పెట్టాలని 2025లో ఆర్‌బీఐ బ్యాంకులకి గట్టిగానే చెప్పింది, ఇప్పుడు కొంచెం నయం. అయినా చిల్లర కోసం ఏటీఎంలో కోటా ఖర్చు చేసుకోవడం కంటే కౌంటర్లో అడగడమే మేలు, పొద్దున్నే పోతే ఇస్తారు, మధ్యాహ్నం పోతే లేవంటారు.

నిమ్మతోట_పొదలకూరు:

అక్కా మీరు చెప్పింది అక్షరాలా నిజం, ఇప్పుడే ఫోన్ చేసి అడిగితే "వందల కోసమేరా, కూలీలకి ఐదొందలు ఇస్తే చిల్లర యాడ తేవాల" అన్నాడు. భయమని నాకు చెప్పింది ఉత్తదే.

సరే, ఈ శనివారం ఊరికి వస్తండా, నాన్నని ఎక్కించుకొని నెల్లూరు బ్యాంకుకి పోయి నంబరు మార్పిచ్చేస్తా, ఆ దోవనే కార్డు కూడా చూస్తాం. ఏమేం తీసకపోవాలి?

పాత_క్యాషియర్_నెల్లూరు:

పాస్‌బుక్, ఆధార్, పాన్ ఉంటే అదీ, కొత్త నంబరున్న ఫోను ఆయన చేతిలోనే ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఖాతా తెరిచినప్పుడు బ్యాంకు దాచుకున్న సంతకం కార్డులో ఎట్టా పెట్టినాడో అట్టానే సంతకం పెట్టమను, రైతులకి ఆడే ఆగిపోతుంది పని.

అయితే ఈ శనివారం నాలుగో శనివారం, బ్యాంకు ఉండదు. సోమవారం కలుపుకొని లీవు పెట్టుకో.